తొమ్మిది యూనిట్ల నెల

యాభై రెండేళ్ళు వచ్చేదాకా కరెంటు బిల్లును చేత్తో పట్టుకుని ఎరగని మనిషిని ఏమనాలి? అదృష్టవంతుడనాలా, చేతకానివాడనాలా? అతని అక్క మాత్రం ఏ మొహమాటమూ లేకుండా రెండోదే అనేది, అదీ నలుగురిలో.

అతను ఒక టైలరింగ్ షాపు వెనక గదిలో కటింగ్ మాస్టారు. షర్టులు, ప్యాంట్లు, కోట్లు కత్తిరించడం అతని పని, కుట్టేవాళ్ళు వేరే. ముప్పై ఏళ్ళుగా మెడలో టేపు, చెవి మీద పెన్సిలు, చేతిలో సుద్దముక్క. ఇంత తక్కువ గుడ్డలో పొడుగు చేతుల షర్టు రాదని ఎవరైనా అంటే, గుడ్డను బల్ల మీద అటూ ఇటూ తిప్పి, షర్టుతో పాటు ఒక చేతిరుమాలు కూడా తీసి చూపించేవాడు. షాపులో అందరికీ అతను మాస్టారు. పేరు పెట్టి పిలిచే హక్కున్న మనిషి అక్క ఒక్కతే. ఆవిడ కూడా చాలావరకు "ఒరేయ్"తోనే సరిపెట్టేది.

పెళ్ళి చేసుకోలేదు. దాని వెనక పెద్ద కథేమీ లేదు. చేసుకుందామా వద్దా అని ఆలోచించేలోపు అడిగేవాళ్ళు అడగడం మానేశారు, అంతే. అక్క ఇంట్లోనే ఉండిపోయాడు. వారం వారం జీతం తెచ్చి అక్క చేతిలో పెడితే, ఆవిడ అందులోంచి దారి ఖర్చులకు ఇంత తీసి ఇచ్చేది. స్విచ్చి నొక్కితే లైటు వెలిగేది, మీట తిప్పితే స్టవ్ మండేది. వాటి వెనక ఒక లెక్క ఉంటుందనీ, ఆ లెక్కను బావ ఎక్కడో వరుసలో నిలబడి కడతాడనీ అతనికి లీలగా తెలుసు. అంతకు మించి తెలుసుకోవాల్సిన అవసరం ఎప్పుడూ రాలేదు.

తర్వాత మేనల్లుడికి పెళ్ళయింది. ఇంటికి ఉన్నవి మూడే గదులు. కొత్తకోడలు మంచి పిల్ల, ఒక్క మాట కూడా అనలేదు. కానీ పొద్దున్నే వంటింట్లోకి వెళ్ళాలంటే ఆ అమ్మాయి హాల్లో పరిచిన మాస్టారి పరుపు పక్కనుంచి, గోడకు ఆనుకుని, ఊపిరి బిగబట్టి, అడుగులో అడుగు వేసుకుంటూ నడిచేది. ఒకరోజు మెలకువగా పడుకుని కళ్ళు మూసుకునే అదంతా విన్నాడు మాస్టారు. సిగ్గుతో చచ్చిపోయినంత పనైంది. ఆ రోజు నుంచే అద్దె ఇల్లు వెతకడం మొదలుపెట్టాడు.

సంగతి తెలిసి అక్క ఇల్లు పీకి పందిరేసింది.

"నీకు గ్యాసు బిల్లు ఎన్ని నెలలకోసారి వస్తుందో తెలుసుట్రా? కరెంటు బిల్లు కట్టకపోతే ఎన్ని రోజులకి ఫ్యూజు పీకుతారో తెలుసా?"

"తెలుసుకుంటాలే అక్కా."

"యాభై రెండేళ్ళుగా తెలుసుకున్నావు, ఇప్పుడు తెలుసుకోడానికి!"

వారం రోజులు ఇదే పాట. చివరికి బావ కల్పించుకుంటే ఒక ఒప్పందం కుదిరింది. ఆర్నెల్లు గడువు. ఎవరి దగ్గరా అప్పు చేయకుండా, షాపులో అడ్వాన్సు అడక్కుండా, అద్దె, బిల్లులు తన జీతంలోంచే కట్టుకోగలిగితే ఉండొచ్చు. ఏ నెల తప్పినా నోరెత్తకుండా తిరిగి వచ్చేయాలి. ఆర్నెల్లు నిండిన ఆదివారం అక్క స్వయంగా వచ్చి బిల్లులన్నీ చూస్తుంది. మాస్టారు సరేనన్నాడు. లోపలినుంచి గడియ పెట్టుకునే తలుపు ఒకటి తనకంటూ ఉంటే చాలు, అతను దేనికైనా సరేననేవాడు.

ఇల్లు దొరికింది. మేడ మీద రెండు గదులు, ముందు చిన్న వసారా. కింద ఇంటి యజమానురాలు, అంటే ఇంటావిడ, ఒక్కతే ఉంటుంది, డెబ్బై దాటిన మనిషి, మోకాళ్ళ నొప్పులు. మేడకు మెట్లు బయటినుంచే. ఆ మెట్ల కింద చెక్కపెట్టెలో రెండు కరెంటు మీటర్లు. గ్యాసు మీటరు మాత్రం ఎవరి వంటింట్లో వాళ్ళకే. మాస్టారి కంటే ముందు అక్కడ మొగుడూ పెళ్ళాలు, ఇద్దరు పిల్లలు మూడేళ్ళు ఉండి వెళ్ళారు.

మొదటి వారం జీతం చేతిలోకి రాగానే మాస్టారు గుడ్డ పరిచినట్టు కాగితం పరిచాడు. జీతం వారానికి పంతొమ్మిది వందలు, అంటే నెలకు సుమారు ఏడువేల ఆరువందలు. షర్టు కత్తిరించేటప్పుడు మొదట వీపు, ముందుభాగాలు లాంటి పెద్ద ముక్కలు తీస్తారు, తర్వాత చేతులు, చివర్న మిగిలిన పీలికల్లోంచి కాలరు, జేబు. ఆ ప్రకారమే అద్దె నాలుగువేల రెండువందలు ముందు కోశాడు. తర్వాత తిండి, దారి ఖర్చులు, సబ్బులు. కరెంటు, గ్యాసు చిన్న ముక్కలు కదా, మిగిలినదాంట్లో సర్దుకుంటాయిలే అని చివర్న పెట్టాడు. లెక్క అందంగా వచ్చింది. ఇంత సులువైన పనికి అక్క అంత హడావుడి చేసిందేమిటా అని నవ్వుకున్నాడు కూడా.

నెల తిరిగేసరికి ఇంటావిడ కింద నుంచి కేకేసి కరెంటు బిల్లు చేతిలో పెట్టింది. తొమ్మిది వందల ఇరవై. మాస్టారి దగ్గర పీలికల్లో మిగిలింది ఆరువందలే.

"పెద్దమ్మగారూ, ఒక్క మనిషికి ఇంతవుతుందా?"

"అయ్యేవుంటుంది నాయనా, మీటరు అబద్ధం చెప్పదుగా. అదిగో, నాది చూడు, రెండువందల అరవై! పోయిన నెల దాకా నాకూ వెయ్యి దాకా వచ్చేది. ఈమధ్య అవసరం లేనప్పుడు లైటు ఆర్పేస్తున్నా. చూశావా, ఎంత తేడా వచ్చిందో!"

ఆవిడ గదిలో చలికి పెట్టుకున్న హీటరు ఎర్రగా మండుతోంది. టీవీ ఎవరూ చూడకపోయినా తన మాట తను మాట్లాడుకుంటోంది. మాస్టారు అవి గమనించాడు, కానీ గమనించింది ఒకటీ విన్నది ఒకటీ అయినప్పుడు పెద్దవాళ్ళ మాటే నమ్మే రకం అతను. ముసలావిడ తనకంటే ఎన్నో రెట్లు పొదుపుగా బతుకుతోందని అతనికి తల కొట్టేసినట్టయింది. తిండి డబ్బుల్లోంచి మూడువందల ఇరవై తీసి బిల్లు కట్టేశాడు.

రెండో నెల నుంచి పొదుపు మొదలు. స్నానానికి వేడినీళ్ళ గీజరు ఆపేశాడు. ఇంట్లో చేరేటప్పుడు కొనుక్కున్న హీటరును మూల పెట్టి మీద ఒక సంచి కప్పాడు. రెండు గదుల్లో ఒక్క లైటు. బిల్లు వచ్చింది: వెయ్యీ పది! ఇంటావిడకు రెండువందల ముప్పై.

"ఏం చేస్తున్నావు నాయనా పైన? ఫ్యాక్టరీ ఏమైనా పెట్టావా?" అని ఆవిడ నవ్వింది.

తను ఏం చేస్తున్నాడో అతనికే అర్థం కాలేదు. పైకి వెళ్ళి గది మధ్యలో నిలబడి ఒక్కొక్క వస్తువునూ దొంగను చూసినట్టు చూశాడు. లైటు, రేడియో, ఫోను చార్జరు, ఇస్త్రీపెట్టె. ఇవి నాలుగూ కూడబలుక్కుని వెయ్యీ పది తినేశాయా? ఇస్త్రీపెట్టెను ఆ రోజే షాపుకు మోసుకెళ్ళి అక్కడ పెట్టేశాడు. తర్వాత రేడియో ఆగింది.

అదే నెల గ్యాసు బిల్లు కూడా వచ్చిపడింది, పదమూడు వందలు. మాస్టారు వండుకునేది ఒక్క పూట. గిన్నెడు అన్నం, ఒక కూర, పొద్దున టీ. పదమూడు వందల గ్యాసుతో పెళ్ళి వంట చేయొచ్చు. బిల్లు మీద ఒక మూల చిన్న అక్షరాల్లో 'అంచనా' అని ఉంది. అంచనా అంటే ఏమిటో, ఎవరు వేశారో, తనను చూడకుండా తన ఆకలి మీద అంచనా ఎలా వేశారో అతనికి తలా తోకా తెలియలేదు. తిండి డబ్బులు ఊడ్చి అదీ కట్టేశాడు.

షాపులో కాజాలు కుట్టే ఆవిడ ఒకావిడ ఉంది. గుండీలు పట్టే కన్నాల చుట్టూ దారం వేసేదే ఆవిడ పని. ఇద్దరు పిల్లలతో పదకొండు అద్దె ఇళ్ళు మారిన మనిషి. ఇంటివాళ్ళు, బిల్లులు, మీటర్లు అన్నీ ఆవిడకు కొట్టిన పిండి. భోజనాల వేళ మాస్టారు తన లెక్క కాగితం ఆవిడ ముందు పెట్టాడు.

ఆవిడ చూసి, నోటితో దారం తెంపి, "ఇదేంటి మాస్టారూ, బిల్లుల్ని చివర్న పెట్టారు?" అంది.

"చిన్న ముక్కలు కదమ్మా, జేబుల్లాగా."

"బిల్లు జేబు కాదు మాస్టారూ, వీపు. ముందు దాన్ని కోసి పక్కన పెట్టాకే మిగతాది. జీతం వారం వారం వస్తోందిగా, కరెంటుకు నెలలో నాలుగో వంతు, గ్యాసుకు రెండు నెలల్లో ఎనిమిదో వంతు ఆ రోజే విడిగా ఒక డబ్బాలో పడెయ్యాలి. చలికాలం ఎక్కువొస్తుంది, ఎండాకాలం తగ్గుతుంది. తగ్గిన నెల కూడా అంతే వెయ్యాలి. మీరు కోటుకు లోపల మడత వదలరూ, రేపు లావైతే విప్పుకోడానికి? అదీ ఇదీ ఒకటే."

కోటు మడత అనగానే మాస్టారికి బోధపడింది. అసలు మొదట్లోనే ఇలా చెబితే ఎంత బాగుండేదని ప్రపంచం మీద కాస్త కోపం కూడా వచ్చింది.

"మరి ఈ అంచనా?"

"మీటరు చూసేవాడు వచ్చినప్పుడు మీ ఇల్లు తాళం వేసుంటుంది. పాతవాళ్ళు నలుగురు ఎంత కాల్చారో అంతే మీకూ రాసి పోయాడు. ఈసారి తాళంచెవి కింద ఇంటావిడకి ఇచ్చి రండి. ఎక్కువ కట్టింది తర్వాత సర్దుతారు."

ఆవిడ చెప్పినట్టే చేశాడు. రెండు రేకు డబ్బాలు కొని ఒకదానికి కరెంటు, ఒకదానికి గ్యాసు అని సుద్దతో రాశాడు. తాళంచెవి ఇంటావిడకు ఇచ్చి వెళ్ళాడు. నాలుగో నెలలో గ్యాసు బిల్లు వచ్చింది. దాని మీద మొత్తం దగ్గర నాలుగువందల అరవై, ముందు ఒక చిన్న అడ్డగీత. మాస్టారు డబ్బా తీసుకుని వెళ్ళి ముప్పావుగంట వరుసలో నిలబడి, కిటికీ దగ్గర నాలుగువందల అరవై లెక్కపెట్టి పెట్టాడు.

"ఇది మీరు కట్టేది కాదండీ, మైనస్," అన్నాడు లోపలి గుమాస్తా.

"మైనస్ అయితే ఎక్కడ కట్టాలి?"

"ఎక్కడా కట్టక్కర్లేదు. మీరు ఎక్కువ కట్టేశారు. మేమే మీకు బాకీ."

"అయితే మీరు నాకు ఇస్తారా?"

"ఇవ్వం. వచ్చే బిల్లులో తగ్గుతుంది."

వెనక వరుసలో ఎవరో కిసుక్కున నవ్వారు. మాస్టారు డబ్బులు ఏరుకుని బయటికి వచ్చి, తను గెలిచాడో ఓడాడో తెలియక కాసేపు మెట్ల మీదే నిలబడ్డాడు.

గ్యాసు సంగతి అలా తేలింది గానీ కరెంటు మాత్రం కొరుకుడు పడలేదు. మూడో నెల పదకొండు వందల ఎనభై, నాలుగో నెల పదమూడు వందల అరవై, ఐదో నెల పదిహేను వందల నలభై. అతను ఎంత తగ్గిస్తే అది అంత పెరుగుతోంది. ఇంటావిడ బిల్లేమో నెలనెలా కిందికి దిగుతోంది: రెండువందలు, నూట డెబ్బై, నూట నలభై. ఆవిడ సంబరం ఇంతా అంతా కాదు. "ఎంత వాడినా నాకు ఇంతే వస్తోంది నాయనా, అందుకే ఇంకో గదిలో కూడా హీటరు పెట్టించా," అని చెప్పింది.

మాస్టారు రోజుకోసారి వండుకోవడం మానేసి, రెండు రోజులకోసారి వండుకుని చల్లదే తినసాగాడు. ఎదురుగా వీధిలైటు వెలుతురు కిటికీలోంచి పడుతుంది. చాపను ఆ వెలుతురు పడేచోటికి జరుపుకుని అందులోనే తినేసేవాడు. కోటు తొడుక్కునే పడుకునేవాడు. లైటు వేయాలంటే ఎవరో చూస్తున్నట్టు భయం. ఇంత చేసీ అప్పు చేయలేదు, అడ్వాన్సు అడగలేదు. తిండి డబ్బులు మాత్రం కరెంటు డబ్బాలోకి నడిచిపోతున్నాయి. ప్యాంటు నడుము రెండంగుళాలు లూజైంది. తనే కత్తిరించిన ప్యాంటు కాబట్టి కొలత తప్పే అవకాశం లేదని అతనికి తెలుసు.

ఆరో నెల బిల్లు పదిహేడు వందల తొంభై. డబ్బాలో ఉన్నది ఆరువందల నలభై. అక్క వచ్చే ఆదివారానికి ఇంకా మూడు రోజులే. ఆ బిల్లు చూడగానే మాస్టారికి అక్క ఇల్లే కళ్ళ ముందు కనబడింది. మళ్ళీ ఆ హాలు, ఆ పరుపు, గోడకు ఆనుకుని నడిచే ఆ పిల్ల అడుగులు. కత్తిరించేటప్పుడు జీవితంలో మొదటిసారి ఒక కోటు చెయ్యి ఎడమది బదులు కుడిదే రెండుసార్లు కోశాడు.

కాజాలావిడ అది చూసి నోరెళ్ళబెట్టింది. "ఏమైంది మాస్టారూ మీకు?"

చెప్పాడు. ఆవిడ అంతా విని, "మీటరు ఎప్పుడైనా చూశారా మీరు?" అని అడిగింది.

"చూశా. పైది మీది అని ఇంటావిడ చెప్పింది. రోజూ పనికి వెళ్ళేముందూ, వచ్చాకా అంకె రాసుకుంటున్నా. నేను ఇంట్లో లేనప్పుడే ఎక్కువ తిరుగుతోందమ్మా అది! నిన్న మెయిన్ స్విచ్చి ఆపేసి మరీ వచ్చా. సాయంత్రానికి ఆరు యూనిట్లు పెరిగింది. దానికి దెయ్యం పట్టిందో, నాకే మతిపోతోందో తెలియట్లేదు."

"దెయ్యానికి కరెంటెందుకు మాస్టారూ? ఆదివారం పొద్దున్నే నేను వస్తా, ఉండండి."

చెప్పినట్టే వచ్చింది. మాస్టారు అప్పటికే బట్టలు మూటకట్టి తలుపు పక్కన పెట్టుకున్నాడు. ఆవిడ మెట్ల కింద చెక్కపెట్టె తెరిచి వంగి నిలబడింది. రెండు మీటర్ల మీదా చిన్న ఎర్రదీపాలు. పైదాని దీపం టకటకా కొట్టుకుంటోంది. కిందిదానిది ఎప్పుడో ఒకసారి మినుక్కుమంటోంది.

"పైకెళ్ళి మీ దగ్గరున్నవన్నీ వెయ్యండి మాస్టారూ!"

మాస్టారు లైట్లు వేశాడు, గీజరు వేశాడు, సంచి తీసి హీటరు కూడా వేశాడు.

"ఇప్పుడు మెయిన్ ఆపండి!"

ఆపాడు. కింద నుంచి కాజాలావిడ గొంతు వీధంతా వినబడేలా లేచింది. "మాస్టారూ! మీరు వేస్తే పరిగెత్తి, ఆపితే ఆగింది కింది మీటరు! పైదానికి మీ గాలి కూడా తగల్లేదు!"

ఆ కేకకు ఇంటావిడ కర్ర పట్టుకుని బయటికి వచ్చింది. విషయం చెబితే ముందు నమ్మలేదు. "అదెలా కుదురుతుంది? ముప్పై ఏళ్ళుగా ఇదే పద్ధతి. మా ఆయన పేరు మీద వచ్చే బిల్లు నాది, మా మరిది పేరు మీద వచ్చేది వాళ్ళది!"

"మీ మరిదిగారు ఎక్కడ ఉండేవారమ్మా?" అని అడిగింది కాజాలావిడ.

"కింద. మేము పైన. తర్వాత ఆయన వేరే ఊరు వెళ్ళిపోతే కింద అద్దెకిచ్చాం. మూడున్నరేళ్ళ కిందట నాకు మోకాళ్ళు పట్టేసి, నేను కిందికి దిగి..."

ఆవిడ అక్కడ ఆగిపోయింది. మనుషులు కిందికి దిగారు గానీ మీటర్లు ఎక్కడివి అక్కడే ఉన్నాయి. పైన ఉన్నప్పుడు ఎవరి పేరున ఏ బిల్లు వచ్చిందో అదే పట్టుకుని ఆవిడ కూర్చుంది. పైన నలుగురు ఉన్నంతకాలం ఇద్దరి బిల్లులూ ఇంచుమించు ఒకటే కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. ఇన్నాళ్ళూ మాస్టారు కట్టింది ఇంటావిడ హీటర్లకు. ఇంటావిడ మురిసిపోయింది మాస్టారి పొదుపు చూసుకుని.

ఆవిడ మొహం పాలిపోయింది. "అయ్యో నాయనా, నిన్ను ఎన్ని మాటలన్నానూ!" అంటూ లోపలికి వెళ్ళి తన ఆరు బిల్లులూ తెచ్చి అతని చేతిలో పెట్టింది. ఆరో నెల పెద్ద బిల్లు తనే కట్టుకుంటానంది. ఇదివరకు అతను ఎక్కువ కట్టిన ఐదువేల పైచిలుకును నెలకు వెయ్యి చొప్పున అద్దెలో తగ్గించుకోమంది. మాస్టారికి ఆ లెక్కలేవీ చెవికెక్కలేదు. ఆరో నెల తన అసలు బిల్లు నూట పదిహేను. డబ్బాలో ఆరువందల నలభై ఉంది. అంటే తను గెలిచాడు! పైకి పరుగెత్తి మూట విప్పి బట్టలన్నీ మళ్ళీ కొక్కేలకు తగిలించాడు. నవ్వు ఆపుకోలేకపోయాడు.

కాజాలావిడ వెళ్ళిన గంటకు అక్క వచ్చింది. ఆయాసపడుతూ మెట్లెక్కి, కూర్చోకుండానే, "ఏవిరా, చూపించు," అంది.

మాస్టారు ఆరు కరెంటు బిల్లులూ చాప మీద వరుసగా పరిచి, పక్కనే గ్యాసు బిల్లులు పెట్టి, మీటర్ల కథంతా చెప్పాడు. అక్క మధ్యలో ఒకసారి నవ్వింది కూడా. తర్వాత కళ్ళజోడు పెట్టుకుని ఒక్కొక్కటే చదివింది.

ముప్పై నాలుగు యూనిట్లు. ఇరవై తొమ్మిది. ఇరవై మూడు. పదిహేడు. పదమూడు. తొమ్మిది.

ఆఖరి కాగితం ఆవిడ చేతిలోనే ఉండిపోయింది. ముప్పై ఏళ్ళు ఒక ఇల్లు నడిపిన మనిషి. మాస్టారికి అది గెలిచిన అంకె. ఆవిడకు మాత్రం ఆ అంకె వెనక గది మొత్తం కనబడింది.

"తొమ్మిదేంటిరా?" అంది మెల్లగా. "మా ఇంట్లో తొమ్మిది యూనిట్లు రెండు రోజులకి రావు. నెలంతా తొమ్మిదా?"

"అదే కదక్కా! ఎంత మిగిల్చానో చూశావా? సాయంత్రం వీధిలైటు సరిగ్గా ఇక్కడే పడుతుంది, లైటే అక్కర్లేదు. స్నానానికి చన్నీళ్ళు అలవాటైపోయాయి. అన్నం రెండు రోజులకోసారి వండుకుంటే..."

చెబుతూ చెబుతూ ఆమె మొహం చూసి ఆగాడు. అక్క లేచి వంటింట్లోకి వెళ్ళింది. గిన్నె మూత తీసి చూసింది. గ్యాసు బిల్లు మళ్ళీ తిరగేసింది. ఆరో నెలలో కూడా మైనసే, కంపెనీ ఇంకా అతనికే బాకీ. తిరిగి వచ్చి అతని ముంజేయి పట్టుకుని చొక్కా చెయ్యి పైకి తోసింది. ఏడుపు ఆపుకోలేకపోయింది.

మాస్టారు బిత్తరపోయాడు. "అక్కా, నేను గెలిచాను కదా? అప్పు చేయలేదు, అడ్వాన్సు అడగలేదు. ఎందుకేడుస్తున్నావు?"

"మా ఇంటికి రావాల్సొస్తుందనే కదరా, ఈ చీకట్లో కూర్చున్నావు? అంత కష్టమైపోయిందా నీకు మా దగ్గర?"

"నీ దగ్గర కష్టమై కాదక్కా." అతను చొక్కా చెయ్యి కిందికి లాక్కున్నాడు. "పొద్దున్నే నన్ను చూసి ఎవరూ చప్పుడు చెయ్యకుండా నడవకూడదు. అంతే."

అక్కకు ఇన్నాళ్ళూ ఆ సంగతి తట్టలేదు. చాలాసేపు ముక్కు చీదుకుని, కళ్ళజోడు తుడుచుకుని, మళ్ళీ ఎప్పటి గొంతు తెచ్చుకుంది.

"సరే, ఉండు. కానీ కొత్త ఒప్పందం. వచ్చే నెల నేను మళ్ళీ వస్తా. బిల్లు మీద అరవై యూనిట్లు కనబడాలి. ఒక్కటి తగ్గినా నీ మూట నేనే కట్టి తీసుకుపోతా."

"అరవయ్యా! ఒక్కడినే అన్ని ఎలా వాడనక్కా?"

"అందరూ ఎలా వాడుతున్నారో అలాగే," అని ఆవిడ చెప్పులేసుకుంది. మెట్లు దిగుతూ కూడా రెండుసార్లు వెనక్కి తిరిగి అరవై అంది.

మాస్టారు పెన్సిలు తీసుకుని కూర్చున్నాడు. గీజరు రోజూ పావుగంట. లైటు నాలుగు గంటలు. రేడియో. ఎంత కూడినా నలభై దాటలేదు. మిగతా ఇరవై యూనిట్లు ఏం చేస్తే అవుతాయో అతనికి తట్టలేదు. చీకటి పడుతుండగా లేచి రెండు గదుల్లోనూ లైట్లు వేశాడు. హీటరు గది మధ్యకు లాగి స్విచ్చి నొక్కాడు. అది మెల్లమెల్లగా ఎర్రబడింది. దాని ముందు కుర్చీ వేసుకుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని, ఎవరింటికో వచ్చినవాడిలా నిటారుగా కూర్చున్నాడు. వెచ్చగా ఉంది. ఎంతసేపు కూర్చోవాలో మాత్రం అతనికి తెలియలేదు.